గడియారంతో పందెం, పక్కవాడితో పందెం

మా చిన్నతనంలో కోనసీమలో ఏ సెంటర్లో చూసినా సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. గోడకో గడియారం, బల్లమీద అట్ట చిరిగిన నోటుబుక్కు. పేరూ, సైకిలు నంబరూ, తీసుకున్న టైమూ అందులో ఎక్కించి బండి చేతికిచ్చేవాడు కొట్టాయన. గంట దాటిందా, రెండో గంట అద్దె కట్టాల్సిందే. అందుకని మొదటి అరగంట కాలువగట్టు మీద షికారు, ఆపైన పావుగంట కబుర్లు, ఆఖరి పది నిమిషాలు మాత్రం సీటు మీంచి లేచి తొక్కుడే తొక్కుడు. చెమటలు కక్కుతూ కొట్టు ముందు దిగగానే చూపు గోడకేసి పోయేది. ఆ పందెంలో అవతలివాడు గడియారం. మనకోసం వేగం పెంచడు, తగ్గించడు, వెనక్కి తిరిగి చూసి నవ్వడు.

అదే గట్టుమీద ఎవడైనా బెల్లు కొట్టుకుంటూ మనల్ని దాటిపోతే కథ వేరుగా ఉండేది. అద్దె గంటలో ఇంకా నలభై నిమిషాలున్నాయని తెలుసు. తొందరపడి పోవాల్సిన పనేమీ లేదనీ తెలుసు. అయినా కాళ్ళు మాట వినేవి కావు. లాకుల దాకా వాడి వెనక చక్రం మీంచి చూపు తిప్పకుండా తొక్కి, ఆనక రావిచెట్టు కింద కూలబడి రొప్పడం. "ఎందుకురా అంత ఇదైపోయావు?" అని జతగాడు అడిగితే చెప్పడానికి జవాబుండేది కాదు.

ఆ జవాబు కోసం పరిశోధకులు నూటపాతికేళ్ళుగా వెతుకుతున్నారు. నిమిషాల్లో ముగిసిపోయే పొట్టి దూరాల సైకిలు తొక్కుడులో పక్కన ప్రత్యర్థి ఉంటే దమ్ము లెక్క ఎలా మారుతుందన్నది వాళ్ళ ప్రశ్న. కోచ్‌లు ఈ దమ్ము లెక్కను పేసింగ్ అంటారు, మన ఊళ్ళో దమ్ము ఆపుకోవడం అంటాం. ఈ వెతుకులాటలో మొదటి మైలురాయి 1898 నాటిది, ఇటీవలివి 2012, 2016 నాటివి. వాటిని పక్కపక్కన పెట్టి, మనకు తెలిసిన పందేలతో సరిచూడటమే ఈ వ్యాసం పని. నాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. పక్కవాడు మనకు కొత్తగా బలం పోసేదేమీ లేదు. మన దగ్గర దాచి ఉన్నదాన్ని ఎప్పుడు, ఎంత ఖర్చు పెట్టాలో తేల్చే పెత్తనం మాత్రం మన చేతిలోంచి తీసుకుంటాడు. అది మేలో కీడో వాడు పందెంలో ఏ చోట తీసుకున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ట్రిప్లెట్ చూసింది

అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న నార్మన్ ట్రిప్లెట్‌కు సైకిలు పందేలంటే ప్రాణం. 1897 సీజనులో అక్కడి సైకిలు సంఘం నమోదు చేసిన పందేల టైములన్నీ ముందేసుకున్నాడు. వాటిని మూడు కుప్పలు చేశాడు. ఒంటరిగా గడియారంతో తొక్కినవి ఒక కుప్ప. ముందు వేగం చూపే బండిని పెట్టుకుని గడియారంతో తొక్కినవి రెండోది. అలాంటి బండి ఉండగానే తోటివాళ్ళతో పోటీపడి తొక్కినవి మూడోది. 25 మైళ్ళ పందెంలో ఒంటరివాడికి మైలుకు సగటున రెండున్నర నిమిషాలు పడితే, ముందు బండి ఉన్నవాడికి 2 నిమిషాల లోపే పట్టింది. పోటీలో ఉన్నవాడు అందులోంచి ఇంకో 5 సెకన్లు కోసేశాడు.

ఎందుకిలా అన్నదానికి ఆ రోజుల్లో రౌతులు చెప్పుకునే కారణాలన్నీ ట్రిప్లెట్ ఓపిగ్గా రాశాడు. ముందు బండి వెనకాల గాలి లాగుతుందని కొందరు. ఎదురుగాలి నుంచి చాటు దొరుకుతుందని కొందరు. వేగం ఎంత పెట్టాలా అన్న బెంగ తీరిపోవడమే కారణమని ఇంకొందరు. తిరిగే చక్రాన్ని చూస్తూ చూస్తూ మనిషి వశీకరణలో పడినట్టైపోతాడని మరికొందరు. ఇవన్నీ ఒప్పుకుంటూనే, వీటికి తోడు మరొకటి ఉందన్నాడు ట్రిప్లెట్. తోటివాడు కంట్లో పడితేనే మామూలుగా బయటికి రాని శక్తి విడుదలవుతుందన్నది ఆయన వాదం.

ఆ వాదాన్ని గాలి లేనిచోట తేల్చాలనుకున్నాడు. చేపల గాలానికి వాడే రీళ్ళు రెండు ఒక చట్రానికి బిగించి, తాడుకు చిన్న జెండా కుట్టి, పిల్లల చేత తిప్పించాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన ఇంకొకరితో. 40 మంది పిల్లల్లో 20 మంది పక్కవాడుంటే వేగం పెంచారు. 10 మందికి తేడా ఏమీ పడలేదు. మిగతా 10 మంది నెమ్మదించారు. చేతులు బిగుసుకుపోయి, ఊపిరి తొందరై, గెలవాలన్న ఆత్రంలో తిప్పడమే తప్పిపోయారు.

ఈ రచన గొప్పతనమూ లోపమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒంటరిగా తొక్కినవాళ్ళూ పోటీలో తొక్కినవాళ్ళూ ఒకే మనుషులు కారు. ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ళు అది ఎంచుకున్నారు. కాబట్టి మూడు కుప్పల తేడా అంతా ప్రత్యర్థి ఖాతాలో వేయడానికి లేదు. 2005లో మైకేల్ స్ట్రూబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల అంకెల్ని నేటి గణాంక పద్ధతిలో మళ్ళీ లెక్కగడితే అందులోనూ తేడా చాలా పల్చగా తేలింది. పాఠ్యపుస్తకాలు వందేళ్ళపాటు ఈ ప్రయోగాన్ని "పోటీ ఉంటే వేగం పెరుగుతుంది" అన్న ఒక్క ముక్కగా కుదించి చెప్పాయి. ఆ నెమ్మదించిన 10 మందినీ వదిలేశాయి. నాకు మాత్రం ట్రిప్లెట్ రాతలో అన్నిటికన్నా విలువైనది ఆ 10 మంది ప్రస్తావనే. పక్కవాడు అందరికీ ఒకేలా పనిచేయడని ఆయన కళ్ళారా చూసి, దాచకుండా రాశాడు.

తన నీడతో తానే

ఇప్పుడు 2012కు వద్దాం. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో జో కార్బెట్ బృందం 14 మందిని గదిలో బిగించిన సైకిళ్ళ మీద 2000 మీటర్లు తొక్కించింది. దాదాపు 3 నిమిషాల పని. ఒకసారి ఒంటరిగా, ఒకసారి తెరమీద కనిపించే ప్రత్యర్థితో. మీ స్థాయివాడే అవతల ఉన్నాడని చెప్పారు. నిజానికి ఆ తెరమీది మనిషి ఎవరో కాదు, అంతకుముందు తొక్కినవాటిలో వాళ్ళదే మేటి టైము. అంటే ఎవరి నీడతో వాళ్ళే పందెం కాశారు. అయినా ఒంటరిగా తొక్కినదానికన్నా వేగంగా ముగించారు.

ట్రిప్లెట్ అడగని ప్రశ్న వీళ్ళు అడిగారు. ఆ అదనపు వేగం పందెంలో ఏ భాగంలో వచ్చింది, శరీరంలో ఏ గాదె నుంచి వచ్చింది? మొదటి వెయ్యి మీటర్లలో తేడా కనిపించలేదు. అంతా రెండో సగంలోనే. ఊపిరితో వచ్చే శక్తి రెండుసార్లూ ఒక్కలాగే ఉంది. పెరిగిందల్లా ఆక్సిజన్‌కోసం ఆగకుండా కండరం అప్పటికప్పుడు తీసి ఇచ్చే శక్తి. దాన్ని చేబదులు అనుకోవచ్చు. అవసరానికి అందుతుంది, కాని అందే మొత్తానికి ఒక హద్దుంది. తిరిగి తీర్చేదాకా రొప్పు వదలదు. రావిచెట్టు కింద నేను కూలబడింది ఈ అప్పు తీర్చడానికేనన్నమాట. ఒంటరిగా తొక్కేటప్పుడు మనిషి ఆ చేబదులు పూర్తిగా వాడుకోడు, ఎందుకైనా మంచిదని కాస్త మిగుల్చుకుంటాడు. కడపటి వెయ్యి మీటర్లలో పక్కవాడి భుజం కనిపిస్తే ఆ మిగులు కూడా బయటికి తీస్తాడు.

అదే ఏడాది ఇంగ్లండులోనే మార్క్ స్టోన్ బృందం 4000 మీటర్ల మీద ఇంకో చమత్కారం చేసింది. తెరమీద ఉన్నది మీ మేటి టైమేనని చెప్పి, లోలోపల దానికి నూటికి రెండు పాళ్ళు ఎక్కువ బలం కలిపింది. వాళ్ళు దాన్నీ అందుకోవడానికి తొక్కి తమ పాత మేటిని దాటేశారు. నాకిది చూస్తే మన బండలాగుడు పందెం గుర్తొస్తుంది. అక్కడ ఒక్కో జతా ఒంటరిగానే బరిలో దిగుతుంది. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగితే అంతే లెక్క. అయినా ముందు జత లాగిన దూరం మైకులో వినపడ్డాక తర్వాతి జత తోలేవాళ్ళ అదిలింపు మారిపోతుంది. బరిలో లేని ఎడ్లతోనే వాళ్ళ పోటీ.

ట్రిప్లెట్, కార్బెట్ రచనల్ని పక్కపక్కన పెడితే ట్రిప్లెట్ "ఎవరికి?" అన్న ప్రశ్నలో ముందున్నాడు. కార్బెట్ బృందం "ఎక్కడ, ఎందులోంచి?" అన్న ప్రశ్నలో ముందుంది. కొత్తదాని కొలత గట్టిది, కాని మనిషి అందులో సగటు అంకెగా మిగిలాడు. పాతదాని కొలత వదులు, కాని చేతులు బిగుసుకుపోయిన పిల్లవాడు అందులో కనిపిస్తాడు.

మొదటి కిలోమీటరు గుంజులాట

కార్బెట్ ప్రయోగంలో ప్రత్యర్థి మంచివాడు. మనలాగే మొదలెట్టి మనలాగే ముగించాడు. ఊరి పందెంలో అలాంటివాడు దొరకడు. విజిలు ఊదగానే ప్రాణం తెగించి పరుగెత్తేవాడు ఒకడుంటాడు. వెనకాల నక్కి ఆఖర్న మీద పడేవాడు ఇంకొకడు. 2016లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మార్కో కోనింగ్స్, ఫ్లోరెంటినా హెటింగా బృందం ఈ ఇద్దరినీ తెరమీద పెట్టి 12 మందిచేత 4 కిలోమీటర్లు తొక్కించింది. ఒక ప్రత్యర్థి మొదట జోరుగా పోయి తర్వాత తగ్గుతాడు. ఇంకొకడు నింపాదిగా మొదలెట్టి తర్వాత పెంచుతాడు. జోరుగా మొదలెట్టినవాడు ఎదుట ఉంటే తొక్కేవాళ్ళూ మొదటి కిలోమీటరు లోపలే జోరు పెంచారు. అందరూ అనుభవం ఉన్నవాళ్ళే. 4 కిలోమీటర్లకు తమ దమ్ము ఎంతో తెలిసినవాళ్ళే. అయినా ఆరంభంలో తమ లెక్క వదిలేసి పక్కవాడి లెక్కలోకి వెళ్ళిపోయారు.

నా మాటకు ఇదే ఆధారం. పెత్తనం పక్కవాడి చేతికి రెండో సగంలో పోతే లాభమే, దాచిన చేబదులు అప్పుడు బయటికొస్తుంది. మొదటి పావులోనే పోతే ప్రమాదం. ఆ బలంతో మూడో పావులో పని ఉంది. గదిలో తొక్కిన ఆ 12 మంది మొత్తంమీద ఒంటరికన్నా బాగానే ముగించారు, అది వాళ్ళ అనుభవం. ఆ అనుభవం లేని బడిపిల్లవాడు అదే పని చేస్తే సగం దూరంలోనే చైను వదులైనట్టు కాళ్ళు ఖాళీగా తిరుగుతాయి.

కాలు కింద పెడితే ఔటు

పక్కవాడు వేగం పెంచుతాడన్న మాటకు ఎదురు సాక్ష్యం మన బడి మైదానాల్లోనే ఉంది. ఆగస్టు 15కో సంక్రాంతి ఆటలకో పెట్టే స్లో సైకిలు పందెం చూడండి. సున్నంతో గీసిన సన్నటి బాటలు. విజిలు ఊదగానే అందరూ కదులుతారు, ఎవరూ కదలనట్టే ఉంటుంది. ఆఖర్న గీత దాటినవాడు విజేత. "కాలు కింద పెడితే ఔటే, ఆయ్!" అని అరుస్తుంటారు మాస్టారు. ముందు చక్రం పాము తలలా అటూ ఇటూ ఊగుతుంది. ఒక చెయ్యి బ్రేకు మీద, రెండు కాళ్ళూ పెడల్‌ను సగం తిప్పి పట్టుకుని. ఆ క్షణంలో పక్క బాటలోవాడు ఎంత వెనకున్నాడో చూద్దామని తల తిప్పాడో, హ్యాండిల్ కూడా తలవెంట తిరుగుతుంది. సున్నం గీత తొక్కుతాడు. ఇక్కడ ప్రత్యర్థి మనిషిని నెమ్మదింపజేస్తాడు, చూస్తే పడేస్తాడు కూడా.

ఇది పిల్లల ఆట అని నవ్వుకోనక్కర్లేదు. ఒలింపిక్స్ ట్రాకు మీద జరిగే స్ప్రింట్‌లో సగం ఇదే ఆట. ముందు అర్హత కోసం ఒక్కొక్కరూ ఒంటరిగా 200 మీటర్లు గడియారంతో తొక్కుతారు. ఆ తర్వాత ఇద్దరిద్దరు దిగుతారు. అప్పుడు మొదటి చుట్టు చూస్తే వీళ్ళు పందెం మరిచిపోయారా అనిపిస్తుంది. ముందు పోయేవాడు వెనకవాడికి గాలి చాటు ఇస్తాడు, పైగా వాణ్ణి చూడలేడు. అందుకని ఒక్కోసారి ఇద్దరూ సైకిళ్ళు కదలకుండా నిలబెట్టి "నువ్వు పో" అంటే "నువ్వు పో" అన్నట్టు ఉంటారు. ఆఖరి 200 మీటర్లలో మాత్రమే దూకుడు. ఆ దూకుడు టైము చాలాసార్లు అదే మనిషి ఒంటరిగా అర్హతలో చేసిన టైముకన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడ గెలుపు చక్రం ముందుండటంలో ఉంది, టైములో లేదు. తెలుగు నేలమీద ఇలాంటి ట్రాకు చూడాలంటే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణకు వెళ్ళవచ్చు. కోనసీమలో లేదు.

బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడే మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి సంగతీ ఇలాంటిదే. ఆయన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో, ప్రత్యర్థి లేని గదిలో కొట్టి కొలిపించిన దెబ్బ అది. మ్యాచిలో నెట్టుకు అవతల ఇద్దరు కాచుకుని ఉంటారు. అక్కడ ఎంత బలంగా కొట్టాలన్నదాని కన్నా ఎప్పుడు, ఎక్కడ కొట్టాలన్నది ముఖ్యం. రికార్డు ఒంటరివాడిది, పతకం ప్రత్యర్థిని చదివినవాడిది.

గాలి ఎవరి పక్షం?

ట్రాకు మీద 4000 మీటర్ల వ్యక్తిగత పర్స్యూట్ అనే తరుముడు పందెంలో ఈ పోలికకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2021 ఆగస్టులో అమెరికన్ ఆష్టన్ లాంబీ మెక్సికోలోని అగ్వాస్కలియెంతెస్‌లో ఒంటరిగా తొక్కి 3 నిమిషాల 59.930 సెకన్లు చేశాడు. 4 నిమిషాల గోడ పగలగొట్టిన మొదటివాడు అతనే. 2022 అక్టోబరులో ఫ్రాన్స్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇటలీ రౌతు ఫిలిప్పో గన్నా తన దేశంవాడే అయిన జొనాథన్ మిలాన్ మీద 3 నిమిషాల 59.636 సెకన్లు చేశాడు. ప్రత్యర్థి ఉన్నవాడిదే పైచేయి అనబోయేలోపు గాలి అడ్డొస్తుంది. అగ్వాస్కలియెంతెస్ ఎత్తైన పీఠభూమి, అక్కడి గాలి పల్చన, సైకిలుకు అనుకూలం. ఫ్రాన్స్‌లో ఆ సదుపాయం లేదు. మనుషులూ వేరు, చోటూ వేరు. ట్రిప్లెట్ మూడు కుప్పల్లో దొర్లిన తప్పే ఇక్కడ మనమూ చేయకూడదు.

కోనసీమవాడికి ఈ గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎక్కడానికి కొండ లేదు. చించినాడ వంతెన, ఎదురులంక వంతెన, ఇవే మాకు కొండలు. మిగతాదంతా బల్లపరుపు. బల్లపరుపు నేలమీద కాస్త వేగం పుంజుకున్నాక సైకిలుకు అసలు అడ్డు గాలే. వేగం రెట్టింపైతే ఆ అడ్డు నాలుగింతలవుతుంది. సాయంత్రం పైరగాలికి ఎదురు తొక్కుతూ అమలాపురం నుంచి సముద్రంవైపు వెళ్ళినవాడికి ముందొక సైకిలుంటే ఎంత హాయో తెలుసు. వెనకాల నక్కితే శ్రమలో పావు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది.

అందుకే గదిలో చేసిన ప్రయోగాల మీద నాకు గౌరవంతోపాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది. తెరమీది ప్రత్యర్థి గాలి చాటు ఇవ్వడు. మనసు చేసే పనిని గాలి చేసే పని నుంచి విడదీయగలగడం ఆ ప్రయోగాల బలం. బయటి గట్టుమీద అవి రెండూ విడివడవు. ముందుపోయేవాడు ఒకే సమయంలో మనల్ని రెచ్చగొడతాడు, మనకు గాలి కాస్తాడు. వాడి జోరుకు లొంగి పక్కకొచ్చి తొక్కితే మనకు రెండూ నష్టం. వాడి వెనకే ఉండి మన లెక్కలో మనముంటే వాడి గాలి చాటు మన చేబదులుకు తోడవుతుంది. గదిలోని 12 మందికి ఈ రెండో దారి లేదు. కొత్త పరిశోధన ఇక్కడ ట్రిప్లెట్ నుంచి నేర్చుకోవాలి. గాలీ మనసూ కలిసే పనిచేస్తాయన్న స్పృహ ఆయనకు 1898లోనే ఉంది.

చివరి మాట

మూడు రచనల్లో ఏది గొప్పదని అడిగితే, కొలతలో కార్బెట్ బృందానిదే పైచేయి అంటాను. ఊరి మైదానానికి పనికొచ్చేది మాత్రం కోనింగ్స్, హెటింగాల 2016 నాటి పని. పందెంలో మన లెక్క ఎక్కడ చేజారుతుందో అది చూపించింది. ట్రిప్లెట్‌ను చదవాల్సింది ఆయన తేల్చినదానికోసం కాదు, ఆ 10 మంది పిల్లలకోసం.

ఆ పిల్లలు మన బళ్ళలోనూ ఉన్నారు. కాబట్టి వ్యాయామ మాస్టార్లకు ఒక మనవి. సైకిలు పందెం పెట్టేముందు ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ ఒకసారి ఒంటరిగా తొక్కించి టైము రాసుకోండి. జతలు రోల్ నంబరు ప్రకారం కాకుండా ఆ టైము ప్రకారం కట్టండి. మొదటి పావు దూరం పక్కకు చూడొద్దని, సగం దాటాక మాత్రం చూడమని చెప్పండి. పందెం అయ్యాక రెండు టైములూ పక్కపక్కన రాసి వాళ్ళకు చూపించండి. దీనికి ట్రాకు అక్కర్లేదు, తెర అక్కర్లేదు. ఒక విజిలు, ఒక స్టాప్‌వాచి, అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి చాలు.